గ్రేట్ డేన్ పెంపకం: డాక్టరు ఖర్చులు, ఎక్కువగా వచ్చే జబ్బులు (కర్నూలు, అనంతపురం, కడప)

హంద్రీ_గట్టు (కర్నూలు)
అందరికీ నమస్కారం. గ్రేట్ డేన్ పిల్లను తెచ్చుకోవాలని ఇంట్లో అనుకుంటున్నాం. అమ్మేవాళ్లు పిల్ల ధర చెప్తారు గానీ ఆ తర్వాత డాక్టరు ఖర్చు ఎంతవుతుందో ఎవరూ చెప్పరు. ఏడాదికి ఎంత పక్కన పెట్టుకోవాలి? ఈ జాతికి ఏ జబ్బులు ఎక్కువ? వాటిలో కర్నూల్లోనే చూపించుకోగలిగేవి ఏవి, బయటి ఊరు పోవలసినవి ఏవి? ఇల్లు కింది అంతస్తు, ముందు కొంచెం ఖాళీ జాగా ఉంది, లోపలంతా టైల్స్.

గుత్తి_కోట (అనంతపురం)
అన్నా, ఫస్టు ఒక లెక్క తెలుసుకోవల్ల. ఈ జాతికి మందు, మత్తు, సెలైన్, తిండి అన్నీ కిలోల లెక్కనే. పెద్దయినాక మగది 55 నుంచి 75 కిలోల దాకా తూగుతుంది. నులిపురుగుల మాత్ర చూడు, 10 కిలోలకు ఒకటి. పామరేనియన్‌కు ఒక్క మాత్ర చాలు, డేన్‌కు ఒక్కసారికే ఆరేడు. మూడు నెలలకోసారి వేస్తే ఏడాదికి పాతిక పైనే. అన్ని మందులకూ ఇట్లనే గుణించుకో.

బరువుతో పనిలేనిది టీకా ఒక్కటే. చిన్న కుక్కకైనా డేన్‌కైనా అదే ఒక మిల్లీలీటరు, అదే ధర.

పశువైద్యం_కడప
గుత్తి గారు చెప్పిన లెక్క సరైనదే. టీకాల సంగతి నేను చెప్తాను.

6 నుంచి 8 వారాల మధ్య మొదటి సంయుక్త టీకా. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ అనే వైరస్ జబ్బులన్నిటికీ రక్షణ ఇందులోనే ఉంటుంది. తర్వాత 3–4 వారాలకోసారి, 16 వారాల వయసు వచ్చేదాకా. చివరి డోసు 16 వారాలకు ముందే ఆపేస్తే లాభం లేదు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ అప్పటిదాకా టీకాను పనిచేయనివ్వకపోవచ్చు. పార్వో వచ్చిన పిల్లల్లో చాలావరకు ‘రెండు డోసులు వేశాం కదా’ అని టీకాలు ఆపేసినవే ఉంటాయి. రేబీస్ 12 వారాలకు, ఆ తర్వాత ఏటా. ప్రైవేటు క్లినిక్కులో సంయుక్త టీకా ఆరు వందల నుంచి వెయ్యి, రేబీస్ రెండు నుంచి నాలుగు వందలు, కంపెనీని బట్టి. జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ రోజు వాడుకోండి.

ఈ డోసులన్నీ పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో నేల మీద నడిపించొద్దు. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

హంద్రీ_గట్టు (కర్నూలు)
ధన్యవాదాలు డాక్టర్ గారూ. తిండికి ఎంతవుతుంది? ఇంట్లో వండిపెడితే సరిపోదా?

పెన్నా_ఒడ్డు (కడప)
లెక్క వేసి చూద్దాం. 60 కిలోల పెద్ద కుక్కకు రోజుకు 2,400 కేలరీలు అటూ ఇటూగా కావాలి. డ్రై ఫుడ్ కిలోకు 3,500 కేలరీలు అనుకుంటే రోజుకు 700 గ్రాములు, నెలకు 20 కిలోలు పైన. కిలో 250కి దొరికేవీ ఉన్నాయి, 700కి దొరికేవీ ఉన్నాయి. అంటే నెలకు అయిదు వేల నుంచి పద్నాలుగు వేల దాకా. ఎదిగే వయసు మగపిల్ల ఇంతకన్నా ఎక్కువే తింటుంది.

పెద్దదానికి ఇంట్లో వండిపెట్టొచ్చు. సంకటి, చికెన్, గుడ్డు, కొంచెం గుమ్మడికాయ బాగానే నడుస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర మాత్రం వద్దు, ఎర్ర రక్తకణాలు పగులుతాయి. ఉడికించిన ఎముకలు అసలే వద్దు, చీలికలై పేగులో దిగుతాయి. పిల్లకు ఇంటి వంట విషయంలో మాత్రం జాగ్రత్త. తప్పు జరిగేదంతా ఆ మొదటి ఏడాదే.

ఆదోని_వైపు
పిల్లకు ఏముందిలే అన్నా, రోజూ కాల్షియం సిరప్ పోస్తే కాళ్లు గట్టిపడతాయి. అందరూ పోస్తాండారు.

పశువైద్యం_కడప
ఆదోని గారూ, ఈ జాతిలో ఎక్కువ నష్టం చేసేది సరిగ్గా అదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెద్ద కుక్కకు కాల్షియం ఎక్కువైతే పేగు పీల్చుకోవడం తగ్గిస్తుంది. ఆరు నెలల లోపు పిల్లకు ఆ అదుపు సరిగా ఉండదు, పోసినంతా లోపలికి పోతుంది. రక్తంలో ఎక్కువైన కాల్షియం వల్ల మృదులాస్థి ఎముకగా మారే పని గాడి తప్పుతుంది. ముందుకాళ్లు వంకర పోవడం, కీళ్లలో మృదులాస్థి పెచ్చులు ఊడటం, మెడ వెన్నుపూసలు ఇరుకవడం ఇలాగే మొదలవుతాయి. పెద్ద జాతి పిల్లల మేతలో పొడి పదార్థం మీద కాల్షియం 1.8 శాతం దాటకూడదనేది అమెరికా మేత ప్రమాణం. చాలా కంపెనీలు 1.2 దగ్గర ఉంచుతాయి. పెద్ద జాతి పిల్లల కోసమని రాసిన మేత పెడుతుంటే ఇక సిరప్ చుక్క కూడా అవసరం లేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. ఎముకలేని చికెన్, అన్నం, పెరుగు మాత్రమే పెడితే కాల్షియం బాగా తక్కువై, శరీరం తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. అప్పుడు చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల చుట్టూ ఉన్నా, అందులోని ఫైటేట్ల వల్ల అంతా ఒంటికి పట్టదు. కాబట్టి సంకటి ఒక్కదాని మీద ఆధారపడలేం. ఒక చదును టీస్పూన్ గుడ్డుపెంకు పొడిలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంటి వంటే పెట్టాలనుకుంటే బరువు చూసి, ఎంత పొడి కలపాలో డాక్టరుతో లెక్క వేయించుకోండి. మేత, సిరప్, పొడి మూడూ కలిపేయకండి.

ఆదోని_వైపు
సరే మేడమ్, సిరప్ ఆపుతాం. మా దగ్గర అయిదు నెలల పిల్లకు ముందుకాలి మణికట్టు పైన వాచింది, ముట్టుకుంటే అరుస్తాంది, జ్వరం కూడా ఉండాది. ఇది కాల్షియం లోపమని ఒకరన్నారు.

పశువైద్యం_కడప
రేపటిదాకా ఆగకుండా ఎక్స్‌రే తీయించండి. 3 నుంచి 6 నెలల మధ్య పెద్ద జాతి పిల్లల్లో రెండు ముందుకాళ్లూ మణికట్టు పైన వాచి, జ్వరంతో లేవకుండా పడుకుంటే హెచ్‌ఓడీ అనే ఎముక వాపు అయ్యుండొచ్చు. ఎక్స్‌రేలో ఎదుగుదల గీతకు సమాంతరంగా ఇంకో నల్ల గీత కనిపిస్తుంది. అది లోపం కాదు, కాల్షియం పోస్తే ఇంకా చెడుతుంది. నొప్పి మందు, మెత్తటి పడక, సెలైన్‌తో చాలా పిల్లలు కోలుకుంటాయి. ఒక కాలు ఈ వారం, ఇంకో కాలు వచ్చే వారం కుంటుతూ ఉంటే అది పానోస్టైటిస్ అనే ఎదిగే వయసు ఎముక నొప్పి, దానంతట అదే తగ్గుతుంది. ఈ రెండింటికీ మనుషుల డైక్లోఫెనాక్, బ్రూఫెన్ ఇవ్వకండి. కుక్క కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు దెబ్బతింటాయి.

గుత్తి_కోట (అనంతపురం)
హంద్రీ అన్నా, ఇంక అసలు విషయానికొస్తాం. డేన్‌కు అన్నిటికన్నా భయపడవల్సింది కడుపు ఉబ్బి మెలిపడటం. బ్లోట్ అంటారు. ఈ జాతికి వచ్చినంతగా ఇంకే జాతికీ రాదు. దీనికి ముందే రెడీగా లేకపోతే మిగతా ఖర్చుల లెక్క వేసి లాభం లేదు. మేడమ్ చెప్తే బాగుంటుంది.

పశువైద్యం_కడప
చెప్తాను, కొంచెం పొడవవుతుంది.

డేన్ ఛాతీ లోతుగా, సన్నగా ఉంటుంది. లోపల కడుపు ఊగడానికి చోటెక్కువ. గాలితో ఉబ్బిన కడుపు తన ఇరుసు మీద తిరిగితే పైన అన్నవాహిక, కింద పేగు ద్వారం రెండూ మూసుకుపోతాయి. గాలి పైకీ పోదు, కిందికీ పోదు. ఉబ్బిన కడుపు వెనక భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. గుండెకు రక్తం అందదు, షాక్‌లోకి పోతుంది. ప్లీహం కూడా కడుపుతో పాటే మెలిపడుతుంది. కడుపు గోడకు రక్తం ఆగి కుళ్లడం మొదలవుతుంది. ఇదంతా రోజుల్లో కాదు, గంటల్లో.

గుర్తులు: కక్కబోతుంది, ఏమీ రాదు, నురుగు జొల్లు మాత్రమే. కుదురుగా పడుకోలేదు, లేస్తుంది, తిరుగుతుంది, పొట్ట వైపు తిరిగి చూస్తుంది. పక్కటెముకల వెనక పొట్ట బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఛాతీ లోతైన కుక్కలో వాపు ఎముకల కిందే దాగి ఉండొచ్చు, కాబట్టి పొట్ట కనిపించలేదని ఆగొద్దు. ఏమీ రాకుండా కక్కడమే మీకు హెచ్చరిక. చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే ఇప్పటికే ఆలస్యమైంది.

ఇంట్లో చేయవలసింది ఒక్కటే, బయల్దేరడం. సోడా, ఈనో, వాము నీళ్లు, గ్యాస్ సిరప్ ఏదీ పోయొద్దు. మెలిపడిన కడుపులోకి పోయేదేమీ కిందికి దిగదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. డాక్టరుకు ఫోన్ చేసి ‘డేన్, ఇన్ని కిలోలు, కక్కుతోంది కానీ ఏమీ రావడం లేదు’ అని చెప్పండి. మీరు వచ్చేలోగా ఆయన సెలైన్ సిద్ధం చేసుకోవచ్చు.

క్లినిక్కులో ముందుగా ముందుకాళ్ల సిరల్లో లావు సూది పెట్టి సెలైన్ ఎక్కించాలి. వెనక్కాళ్లకు పెడితే ఆ రక్తం గుండెకు చేరే దారే నొక్కుకుని ఉంటుంది. షాక్‌లో మొదటి విడత కిలోకు 20 మిల్లీలీటర్లు. 60 కిలోల కుక్కకు 1,200. అంటే మొదటి పదిహేను నిమిషాల్లోనే రెండు అర లీటరు బాటిళ్లు దాటి మూడోది. అప్పటికీ కోలుకోకపోతే మళ్లీ అంతే. తర్వాత గొట్టంతో గానీ, 14 లేదా 16 గేజి సూదితో పక్కటెముకల వెనక గుచ్చి గానీ గాలి తీస్తారు. కుడివైపు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కడుపు రెండు గదులుగా విడిపోయి కనిపిస్తే మెలిక ఖాయం. అప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు. కడుపును తిప్పి సరిచేసి, మళ్లీ తిరగకుండా కుడివైపు పొట్ట గోడకు కుట్టేస్తారు. ఆపరేషన్ అయ్యాక మూడు రోజుల దాకా గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ఈసీజీ చూస్తూ ఉండాలి. అందుకే ఖర్చు ఒక్క ఆపరేషన్‌తో ఆగదు.

హంద్రీ_గట్టు (కర్నూలు)
చదువుతుంటేనే భయమేస్తోంది మేడమ్. రాత్రి పదకొండుకు వస్తే కర్నూలు నుంచి ఎక్కడికి పోవాలి?

రాతిగోడ (అనంతపురం)
ఆ ప్రశ్నకు జవాబు పిల్ల ఇంటికి రాకముందే తెలిసుండాలి. మన మూడు ఊళ్లలో రాత్రి తెరిచి ఉండే ఆపరేషన్ థియేటర్ ఉందనే నమ్మకంతో కుక్కను తెచ్చుకోవద్దు. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ నలభై నాలుగో నంబరు హైవే మీదే, 210 కిలోమీటర్ల చిల్లర. మూడున్నర గంటలు అనుకో. కడప వాళ్లకు తిరుపతి 140, ప్రొద్దుటూరు యాభై పైన. ప్రొద్దుటూరు, తిరుపతి రెండు చోట్లా శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలలు ఉన్నాయి, ఆసుపత్రులు కూడా. పగటిపూట అక్కడ ఖర్చు ప్రైవేటుకన్నా చాలా తక్కువ. రాత్రి ఎవరుంటారో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

గాలి తీయకుండా, సెలైన్ పెట్టకుండా నేరుగా హైదరాబాదు బయల్దేరితే షాద్‌నగర్ దాటేలోపు పోతుంది. ఊళ్లోని డాక్టరు ముందు గాలి తీసి సెలైన్ ఎక్కించాలి, ఆ తర్వాతే ప్రయాణం. కాబట్టి ఇప్పుడే మీ డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. రాత్రి ఫోన్ ఎత్తుతారా? కడుపు కుట్టే ఆపరేషన్ మీరే చేస్తారా, లేక గాలి తీసి పంపుతారా? ‘పంపుతాను’ అన్నా తప్పేమీ లేదు, గాలి తీయగలిగితే చాలు. ఇంకోటి: 60 కిలోల పడిపోయిన కుక్కను ఇద్దరు మోయాలి. దళసరి దుప్పటి ఒకటి, వెనక సీటు మడిచే కారు ఒకటి.

డబ్బు సంగతికి వస్తే, ప్రైవేటులో ఆపరేషన్, మత్తు, మూడు రోజుల పర్యవేక్షణ కలిపి అర లక్ష పైనే చేతిలో ఉండాలి. ప్లీహం తీయాల్సి వస్తే, రక్తం ఎక్కించాల్సి వస్తే ఇంకా పెరుగుతుంది.

పెన్నా_ఒడ్డు (కడప)
రాకుండా చేసుకోవచ్చు కూడా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడే కడుపును కుడి గోడకు కుట్టించేయండి. ఆడదానికి పొట్ట ఎలాగూ తెరుస్తారు, మగదానికైనా మత్తు ఒకటే. గాలితో ఉబ్బడం అప్పుడప్పుడు వస్తుంది గానీ మెలిపడటం దాదాపు ఆగిపోతుంది. డేన్‌లో ఎముకలు ఎదగడం పూర్తయ్యాక, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య చేయించడం మంచిది.

ఆడకుక్కకు ఆపరేషన్ చేయించకపోతే ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ప్రతి ఎదకూ పెరుగుతూ పోతుంది. కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంటే, తిండి మానేస్తే, వెనక చీము కనిపిస్తే అదే రోజు స్కాన్. చీము బయటికి రాకుండా లోపలే మూసుకుపోయినది ఇంకా ప్రమాదం.

ఆదోని_వైపు
తిండి గిన్నె ఎత్తు మీద పెడితే బ్లోట్ రాదంట కదా? స్టాండు అమ్ముతాండారు.

పెన్నా_ఒడ్డు (కడప)
ఒకప్పుడు అలాగే చెప్పేవాళ్లు. పెద్ద జాతుల మీద అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం చేసిన పరిశీలనలో ఎత్తు గిన్నెలో తిన్నవాటికే ప్రమాదం పెరిగింది. గిన్నె నేల మీదే పెట్టండి. రోజుకు ఒక్కసారే పెద్ద గిన్నెడు పెట్టడం కన్నా మూడుసార్లు పంచి పెట్టాలి. గబగబా మింగే కుక్కకు గిన్నె మధ్యలో పెద్ద గుండ్రటి రాయి పెడితే చుట్టూ ఏరుకుని నెమ్మదిగా తింటుంది. రాయి నోట్లో పట్టేంత చిన్నది కాకూడదు. తిన్నాక గంట, గంటన్నర పరుగు వద్దు. తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ బ్లోట్ వచ్చి ఉంటే ఈ పిల్లకూ ప్రమాదం ఎక్కువే.

రాతిగోడ (అనంతపురం)
బ్లోట్ ఎప్పుడో ఒకసారి. గోమార్లు మాత్రం ఏడాదంతా. మన ఎండకు, మన రాతి గోడలకు అవి చక్కగా పెరుగుతాయి. మీరు పిడుదులంటారేమో, రెండూ ఒకటే.

కుక్కను పట్టే గోధుమరంగు గోమారి జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద ఉండదు. రక్తం తాగి దిగిపోయి గోడ సందులో, తలుపు చట్రం వెనక, మంచం కింద దాక్కుంటుంది. ఆడది ఒక్కటే వేల గుడ్లు పెడుతుంది. అందుకని కుక్కకు మాత్రమే మందు వేసి గోడను వదిలేస్తే మూడు వారాల్లో మళ్లీ అదే కథ. గోడ సందులను సిమెంటుతో పూడ్చండి. పడుకునే చోట డెల్టామెత్రిన్ గానీ సైపర్‌మెత్రిన్ గానీ పిచికారీ చేసి, ఆరేదాకా కుక్కను దూరంగా ఉంచండి. రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టండి. ఇంట్లో పిల్లి ఉంటే ఈ మందులు దానికి విషం.

అమిట్రాజ్ 12.5 శాతం మందు లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు. డేన్ ఒళ్లంతా తడవాలంటే నాలుగైదు లీటర్లు కావాలి, అంటే 8 నుంచి 10 మిల్లీలీటర్ల మందు. కడగకుండా ఆరనివ్వాలి, నాకనివ్వొద్దు. నాలుగు నెలల లోపు పిల్లకు, షుగర్ ఉన్న కుక్కకు వద్దు. మాత్రల్లో ఫ్లూరలానర్ 12 వారాలు పనిచేస్తుంది. 40 నుంచి 56 కిలోలకు 1,400 మిల్లీగ్రాముల మాత్ర, అంతకు మించితే ఇంకో చిన్నది కలపాలి. ఒక్కోటి వేలల్లో ఉంటుంది గానీ టిక్ ఫీవర్ (గోమార్ల వల్ల వచ్చే జ్వరం) వైద్యం ముందు అది తక్కువే. మూర్ఛ వచ్చే కుక్కకైతే డాక్టరును అడగకుండా వేయొద్దు.

ఆదోని_వైపు
మా దిక్కు గొడ్లకేసే ఐవర్‌మెక్టిన్ సూది వేస్తారు. చౌక కదన్నా?

పశువైద్యం_కడప
అది ఈ గోమారి మీద సరిగా పనిచేయదు. పైగా గొడ్ల సీసా మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల బలంతో ఉంటుంది, సిరంజిలో చిన్న గీత తేడా వచ్చినా మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కోలీ లాంటి జాతులకు అది మెదడులోకి ఎక్కి ప్రాణం తీస్తుంది.

టిక్ ఫీవర్ ఖర్చు కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడే కిలోల లెక్క బాగా తగులుతుంది. ఎర్లీషియా అనే రకం టిక్ ఫీవర్‌కు డాక్సీసైక్లిన్ కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. 60 కిలోలకు రోజుకు 600, అంటే 100 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు ఆరు, మొత్తం 168. మందు చౌకే, జెనరిక్ తీసుకోండి. రెండు మూడు రోజుల్లో కుక్క లేచి తింటుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. క్రిమి ఒంట్లో మిగిలిపోయి, నెలల తర్వాత ఎముక మజ్జను పట్టుకుంటే ప్లేట్‌లెట్లు, తెల్ల, ఎర్ర కణాలు అన్నీ పడిపోతాయి. ఆ దశలో తిప్పడం కష్టం. మాత్రలు అన్నంతో ఇవ్వండి, పాలతో పెరుగుతో వద్దు. వెంటనే నీళ్లు తాగించండి.

మూత్రం కాఫీ రంగులో వచ్చి, చిగుళ్లు తెల్లగానో పసుపుగానో మారితే బబీషియా అనే ఇంకో రకం టిక్ ఫీవర్. దాంట్లో రెండు రకాలున్నాయి. పెద్ద రకానికి ఇమిడోకార్బ్ సూది, 14 రోజుల తేడాతో రెండుసార్లు. గిబ్సోనై అనే చిన్న రకానికి అది సరిపోదు, అటోవక్వోన్‌తో అజిత్రోమైసిన్ పది రోజులు కలిపి ఇస్తారు. అటోవక్వోన్ కిలోకు 13.3 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. 60 కిలోలకు పది రోజులకు 24 గ్రాములు, 5 మిల్లీలీటర్లకు 750 మిల్లీగ్రాములుండే ద్రావణం 160 మిల్లీలీటర్లు. చిన్న కుక్కకు ఒక సీసాతో అయిపోయేది డేన్‌కు వేలకు వేలు తింటుంది. అందుకే ఏ రకమో స్మియర్, పీసీఆర్ లాంటి రక్తపరీక్షతో తేల్చుకోకుండా సూదులు మొదలుపెట్టొద్దు. గొడ్లకు వేసే డిమినజీన్ మోతాదు కొంచెం మించినా కుక్క మెదడు దెబ్బతింటుంది.

హంద్రీ_గట్టు (కర్నూలు)
అన్నిటికీ బరువు కావాలంటున్నారు. 60 కిలోల కుక్కను క్లినిక్కులో చిన్న కాటా మీద ఎలా తూచేది?

గుత్తి_కోట (అనంతపురం)
ఎరువుల అంగడిలోనో వేరుశనగ కొనే మండీలోనో మూటలు తూచే ప్లాట్‌ఫారం కాటా ఉంటుంది. గోనెసంచి పరిచి దాని మీద నిలబెడితే సరిపాయ. పిల్లప్పుడు రెండు వారాలకోసారి, పెద్దయినాక నెలకోసారి. కంటి అంచనాతో ‘యాభై ఉంటాదిలే’ అంటే పది కిలోల తేడా వస్తుంది, మందు చాలక రోగం తిరగబెడుతుంది.

బేతంచర్ల_నాప
హంద్రీ గారూ, ఇంట్లో టైల్స్ అన్నారు కదా. నున్నటి టైల్స్ మీద పిల్ల వెనక్కాళ్లు పక్కలకు జారుతూ పెరిగితే తుంటి కీలు ఇంకా వదులవుతుంది. తుంటి లోపం పుట్టుకతో, వంశంతో వచ్చేదే. నేల, బరువు దాన్ని పెంచుతాయి. అది తిరిగే గదిలోనూ బయట వరండాలోనూ పాలిష్ పట్టని గరుకు నాపరాయి వేయించండి. మన బండలే చదరం లెక్కన టైల్స్ కన్నా తక్కువకు వస్తాయి. అంత పని వద్దనుకుంటే రబ్బరు మ్యాట్లు, కొబ్బరి పీచు పట్టలు పరవండి. గోళ్లు నేలకు తగిలి టకటకమనకుండా కత్తిరిస్తూ ఉండాలి. ఏడాది నిండేదాకా మెట్లు ఎక్కించడం, కారులోంచి దూకించడం వద్దు.

గట్టి నేల మీద ఎప్పుడూ పడుకుంటే మోచేతుల దగ్గర నీటి సంచుల్లా ఉబ్బుతాయి. సూదితో నీళ్లు తీయించొద్దు, చీము పడుతుంది. నాలుగు అంగుళాల మందం పరుపు వేస్తే వాటంతట అవే తగ్గుతాయి.

పశువైద్యం_కడప
నాప గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. తుంటి ఎక్స్‌రే మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక్కాళ్లు సమంగా చాపి తీయాలి. మత్తు లేకుండా తీసిన ఫిల్ముకు పెట్టిన డబ్బు వృథా. డేన్‌కు మత్తు ఇచ్చేవాళ్లకు ఇంకో విషయం తెలిసుండాలి. ఏసీప్రోమజిన్ లాంటివి కిలోల లెక్కన పూర్తిగా ఇస్తే పెద్ద జాతులకు ఎక్కువవుతాయి, తగ్గించి ఇవ్వాలి.

ప్రతి కుంటునూ తుంటి ఖాతాలో వేయకండి. వెనక్కాళ్లు తూలుతూ, గోళ్లు నేలకు రాసుకుని అరిగిపోతుంటే మెడ వెన్నుపూసల ఇరుకు, వాబ్లర్ అంటారు. మెడ పట్టీ తీసేసి ఛాతీ పట్టీ వేయండి. ఖాయం చేయడానికి ఎంఆర్‌ఐ కావాలి, అది హైదరాబాదు, బెంగళూరు మాట, పది వేలు దాటుతుంది. ఆరేళ్లు దాటిన డేన్ ముందుకాలు కుంటుతూ, మణికట్టు పైనో భుజం దగ్గరో గట్టి వాపు ఉంటే బెణుకని నూనె రాస్తూ కూర్చోవద్దు. ఎముక క్యాన్సర్ ఈ చోట్లనే వస్తుంది. ఆ రోజే కాలికి ఎక్స్‌రే, దాంతోపాటు ఛాతీకి మూడు ఫిల్ములు. కాలు తీసేస్తే నొప్పి పోతుంది, ఆ తర్వాత మామూలుగా నాలుగైదు నెలలు బతుకుతుంది. కార్బోప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కూడా ఇస్తే ఏడాదికి దగ్గరగా. అంత ఖర్చు పెట్టలేని ఇంటివాళ్లు నొప్పి లేకుండా నిద్రపుచ్చమని అడగడంలో తప్పు లేదు. విరిగే ఎముకతో దాన్ని నడిపించడమే బాధ.

పెన్నా_ఒడ్డు (కడప)
గుండె కూడా చెప్పాలి. ఈ జాతికి గుండె కండరం పలచబడి సాగిపోయే జబ్బు ఎక్కువ. నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లోనే నేర్చుకోండి. నిమిషానికి 30 దాటితే, రాత్రి దగ్గుతుంటే, ఒక్కసారిగా సోలిపోతే ఎకో (గుండె స్కాన్) చేయించాలి. గుండె మందు పిమోబెండాన్ కిలోకు 0.25 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, తిండికి గంట ముందు. 60 కిలోలకు పూటకు 15, అంటే 5 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు ఆరు, బతికినంత కాలం. నీరు తగ్గించే ఫ్రూసెమైడ్ మాత్రం జన ఔషధి దుకాణంలో చవకగా దొరుకుతుంది.

రాతిగోడ (అనంతపురం)
ఎండ మాట ఎవరూ ఎత్తలేదు. ఏప్రిల్, మే నెలల్లో మనకు 40 దాటడం మామూలే. పెద్ద ఒళ్లు చల్లబడటానికి ఎక్కువసేపు పడుతుంది. నడక తెల్లారి ఆరు లోపే. సాయంత్రం రోడ్డు మీద అరచేయి అయిదు సెకన్లు పెట్టలేకపోతే బయటికి తేవద్దు. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటి, తూలుతూ, చిగుళ్లు ఎర్రగా అయితే ముందు చల్లార్చు, తర్వాత ఆసుపత్రి. కుళాయి నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాను పెట్టాలి. తడి దుప్పటి కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. 39.5కు దిగాక నీళ్లు ఆపాలి, లేకుంటే మరీ చల్లబడిపోతుంది. లేచి తిరిగినా రక్తపరీక్ష చేయించాలి, కిడ్నీ, రక్తం గడ్డకట్టడం దెబ్బతినేది ఒకటి రెండు రోజుల తర్వాతే.

హంద్రీ_గట్టు (కర్నూలు)
మొత్తం కలిపి ఒక అంకె చెప్పగలరా? ఇన్సూరెన్స్ తీసుకోవచ్చా?

గుత్తి_కోట (అనంతపురం)
రోగం లేని ఏడాది టీకాలు, నులిపురుగులు, గోమార్ల మందు, ఒకసారి రక్తపరీక్ష కలిపి పదిహేను నుంచి ఇరవై అయిదు వేలు. తిండి వేరే. దీనికి తోడు బ్లోట్ కోసమని ముట్టకుండా బ్యాంకులో డెబ్బై ఎనభై వేలు పెట్టుకో. ఇన్సూరెన్స్ కుక్కలకు ఇస్తారు గానీ, బాగా పెద్ద జాతులకు చేరే వయసు పరిమితి మిగతావాటికన్నా తక్కువ పెడతారు. పాలసీలో చూడవల్సినవి: ఎన్నేళ్ల దాకా, వంశపారంపర్య జబ్బులు కలుస్తాయా, మొదట్లో ఎన్ని రోజులు వర్తించదు. తుంటిని, గుండెను వంశపారంపర్యమని పక్కన పెట్టేస్తే ఆ పాలసీ డేన్‌కు పనికిరాదు.

ఇంకొకటి, మూడు ఊళ్లలో పెద్ద కుక్కలున్నవాళ్లం ఒక రక్తదాతల పట్టీ పెట్టుకుందాం. 25 కిలోలు దాటి, ఒకటి నుంచి ఎనిమిదేళ్ల మధ్య, టీకాలన్నీ అయి, టిక్ ఫీవర్ లేదని పరీక్షలో తేలిన కుక్క ఒకసారికి 450 మిల్లీలీటర్లు ఇవ్వగలదు. డేన్‌కు రక్తం ఎక్కించాలంటే ఇద్దరు దాతలు కావల్సి రావచ్చు, అప్పటికప్పుడు వెతికితే దొరకరు.

హంద్రీ_గట్టు (కర్నూలు)
నా పేరు రాసుకోండి, కుక్క పెద్దయ్యాక. చివరిగా ఒకటి. పిల్లను ఎంచుకునేటప్పుడు అమ్మేవాళ్లను ఏమడగాలి?

పశువైద్యం_కడప
తల్లినీ తండ్రినీ కళ్లారా చూడాలి. వాటి తుంటి ఎక్స్‌రే, గుండె ఎకో ఉన్నాయా అని అడగండి. మనవైపు చాలామంది దగ్గర ఉండవు, అయినా అడగండి. తల్లిదండ్రుల తోబుట్టువుల్లో ఏదైనా పొట్ట ఉబ్బి పోయిందా అని తప్పకుండా అడగండి. ఒంటి మీద మచ్చలున్న మెర్ల్ రంగు రెండింటిని జతకడితే పుట్టే దాదాపు తెల్లటి పిల్లలకు చెవుడు, కంటి లోపాలు ఎక్కువ. అరుదైన తెల్ల డేన్ అని ఎక్కువ ధర చెప్తారు, తీసుకోవద్దు. ఏ పిల్లనైనా నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి, గాలి తగలకుండా చప్పట్లు కొట్టి చూడండి, చెవి కదలాలి. ఎనిమిది వారాలు నిండనిదే తల్లి నుంచి విడదీయనివ్వకండి. మొదటి టీకా పుస్తకంలో సీసా మీది లేబుల్ అంటించి ఉందో లేదో చూడండి. తేదీ మాత్రమే చేత్తో రాసి ఉంటే టీకా వేయనట్టే లెక్కపెట్టి మొదటి నుంచి మొదలుపెడదాం.